ఆదాయం అంటే గల్లాలో పడిందా, ఖర్చులు పోను మిగిలిందా?

టర్నోవర్, రాబడి, ఆదాయం, లాభం, ఈ నాలుగూ ఒకటేనా అని ఒకరు అడిగారు. కాదు. నాలుగింటిలో ఎక్కువ తికమక పెట్టేది ఆదాయం, ఎందుకంటే దాన్ని ఒకచోట ఖర్చులు తీయకముందు మొత్తానికీ, ఇంకోచోట ఖర్చులు తీశాక మిగిలినదానికీ వాడేస్తున్నాం.

మన పాత వాడుకలో దీని అర్థం స్పష్టంగానే ఉంది. ఉగాది పంచాంగంలో ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని పక్కపక్కనే వేస్తారు. ఆదాయం 5, వ్యయం 11 అని ఉంటే లోపలికి వచ్చింది ఐదు, బయటికి పోయింది పదకొండు. అంటే వ్యయం తీయకముందు అంకె అది. మిగిలినదానికి లాభం అనో మిగులు అనో వేరే మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఒక కిరాణా కొట్టు లెక్క తీసుకోండి. ఏడాదికి అమ్మకాలు 60 లక్షలు, ఇదే టర్నోవర్. ఆ అమ్మిన సరుకు కొన్న ఖరీదు 52 లక్షలు. తేడా 8 లక్షలు స్థూల లాభం, కొట్లో మార్జిన్ అనేది దీన్నే. అందులోంచి అద్దె, జీతాలు, కరెంటు బిల్లు కలిపి 3 లక్షల 60 వేలు పోతే 4 లక్షల 40 వేలు, అప్పు మీద వడ్డీ 60 వేలు కూడా తీసేస్తే 3 లక్షల 80 వేలు. ఇది పన్నుకు ముందు లాభం, పన్ను కూడా కట్టేశాక ఉండేది నికర లాభం. "అన్నీ పోను నికరంగా చేతికి ఎంతొస్తుంది" అని పెద్దవాళ్లు అడిగే నికరం ఇదే, ఇంతకన్నా మంచి మాట మనకి అక్కర్లేదు. ఇప్పుడు ఈ కొట్టాయన ఆదాయం 60 లక్షలా, 3 లక్షల 80 వేలా? పెళ్లిసంబంధం చూసేవాళ్లకి మొదటి అంకె చెబితే అది మోసమే అవుతుంది.

మరి ఆదాయపు పన్ను దేని మీద అంటే, వ్యాపారికైతే మామూలుగా ఖర్చులు తీశాక వచ్చే లాభం మీద. కానీ 2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూల్ ప్రకారం వేసే లాభనష్టాల పట్టికలో వ్యాపారం మీద వచ్చిందీ ఇతర ఆదాయమూ కలిపి మొత్తం ఆదాయం అని పైన వేసి, ఖర్చులు దాని కింద తీస్తారు. అమెరికా కంపెనీలు నెట్ ఇన్‌కమ్ అనేది మన నికర లాభం, దాన్ని నికర ఆదాయం అని మక్కికి మక్కి దించడం వల్ల సగం గందరగోళం వస్తోంది. పైగా బ్యాంకుల ఫలితాల్లో నికర వడ్డీ ఆదాయం అని ఇంకోటి ఉంటుంది, అది వచ్చిన వడ్డీలోంచి కట్టిన వడ్డీ తీస్తే ఉండేది మాత్రమే, సిబ్బంది జీతాలూ మొండి బాకీల కోసం పక్కన పెట్టే డబ్బూ అందులోంచి ఇంకా పోవాలి.

ఖర్చులు తీయకముందు మొత్తానికి రాబడి అని వాడదామంటే మ్యూచువల్ ఫండ్ల వార్తల్లో పెట్టుబడి మీద వచ్చే శాతానికి ఆ మాట స్థిరపడింది. పోనీ ఇంగ్లీషులో రెవెన్యూ అందామంటే మనవాళ్లకి ముందు తహసీల్దారు ఆఫీసే గుర్తొస్తుంది. అందుకే నా మటుకు నేను అమ్మకాలు లేదా టర్నోవర్ అనే రాస్తాను.

టర్నోవర్‌కీ లాభానికీ తేడా తెలియకపోతే చిక్కులొస్తాయి. సరుకులు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. రెండుచోట్లా అది టర్నోవర్ మీదే, కాబట్టి నష్టంలో నడిచే కొట్టయినా అమ్మకాలు ఆ గీత దాటితే రిజిస్టర్ చేసుకోవాల్సిందే. అలాగే 105 రూపాయల బిల్లులో 5 రూపాయలు జీఎస్టీ అయితే ఆ ఐదూ ప్రభుత్వానివి, కొట్టు అమ్మకం వందే. ఖాతాలో పడిన డబ్బంతా అమ్మకం కాదు, అరువిచ్చిన సరుకు డబ్బు రాకపోయినా అమ్మకమే.

నాకు బాగా కోపం తెప్పించేది మాత్రం సాగు వార్తలు. ఫలానా పంటతో ఎకరాకు మూడు లక్షల ఆదాయం అని పెద్దక్షరాలతో వేస్తారు, అది పంట అమ్మితే వచ్చిన మొత్తమా, విత్తనాలు, ఎరువులు, కూలీలు, కౌలు అన్నీ తీశాక మిగిలిందా అని ఎక్కడా ఉండదు. డ్రాగన్ ఫ్రూట్ లాంటి తోటకైతే కాపు రాకముందే స్తంభాలకీ మొక్కలకీ డ్రిప్పుకీ బోలెడు పెట్టాలి. ఆ ఒక్క మాట చూసి అప్పు తెచ్చి దిగేవాళ్లుంటారు. రైతులు మాట్లాడుకునేటప్పుడు ఎప్పుడూ "పెట్టుబడి పోను ఎంత మిగిలింది" అనే అడుగుతారు. వార్త రాసేవాళ్లు ఆ "పెట్టుబడి పోను" అన్న రెండు మాటలు చేర్చితే చాలు. ఇది చదివేవాళ్లలో విలేకరులు ఎవరైనా ఉంటే దయచేసి డెస్కులో ఈ విషయం ఎత్తండి.