సోడా బైకార్బ్ (రక్తంలో ఆమ్లాన్ని తగ్గించే ఇంజెక్షన్) అంబులెన్స్ దారిలోనే ఇవ్వాలా? మీ అనుభవాలు చెప్పండి

కొత్త ఈఎంటీ: 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా (దారిలో చికిత్స చేసే టెక్నీషియన్) చేరి ఎనిమిది నెలలైంది. మొన్న ఒక కార్డియాక్ అరెస్ట్ (గుండె ఆగిపోయిన) కేసు. దారంతా సీపీఆర్ చేస్తూ, అడ్రినలిన్ ఇస్తూ తీసుకెళ్లాం. క్యాజువాల్టీలో ఒక సీనియర్ "సోడా బైకార్బ్ ఇవ్వలేదా?" అని పేషెంట్ వాళ్ల ముందే కసిరారు. ఇవ్వాల్సిందా? రెండు రోజులుగా నిద్ర లేదు.

పాతకాపు: నిద్రపో తమ్ముడూ, నీ తప్పేం లేదు. మేం నేర్చుకున్న రోజుల్లో అరెస్ట్ అనగానే చెయ్యి దాని మీదకే పోయేది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే రొటీన్‌గా వద్దంది. అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

డ్యూటీ డాక్టర్: బైకార్బ్ ఆమ్లాన్ని తగ్గిస్తూ కార్బన్ డయాక్సైడ్‌ని పుట్టిస్తుంది. అది ఊపిరితో బయటికి పోవాలి. అరెస్ట్‌లో రక్తం తిరిగేదే అంతంతమాత్రం, ఇక అదెక్కడికి పోతుంది? కణాల్లోకి చేరి లోపల ఆమ్లం పెంచుతుంది. పొటాషియం బాగా పెరిగినప్పుడు, డిప్రెషన్‌కి వాడే అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు మోతాదు మించి మింగినప్పుడు సంగతి వేరు.

ఉద్దానం బండి: పొటాషియం మాకు రోజువారీ గొడవే. మా వైపు కిడ్నీ జబ్బు ఎంతుందో అందరికీ తెలుసు. ఒకాయనకి రెండు డయాలసిస్‌లు తప్పాయి. మానిటర్‌లో ఈసీజీ గీతలోని టీ వేవ్‌లు గోపురాల్లా లేచాయి, క్యూఆర్ఎస్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ లేచే మొన) వెడల్పైంది, అంటే పొటాషియం పెరిగిందని గుర్తు. ఈఆర్‌సీపీ డాక్టర్ (108 కంట్రోల్ రూమ్ నుంచి సలహా ఇచ్చేవారు) ఫోన్లో ముందు కాల్షియం గ్లూకోనేట్, తర్వాత బైకార్బ్ అన్నారు. కంగారులో సెలైన్‌తో ఫ్లష్ చెయ్యకుండా అదే లైన్లో ఎక్కించాను. పాలు విరిగినట్టు తెల్లగా అయ్యి లైన్ మూసుకుపోయింది! ఒక చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం), అది ముట్టుకోకూడదు. రెండో చేతిలో సిరలన్నీ అప్పటికే పాడైపోయాయి. పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) బండి పక్కన ఆపితే గానీ ఇంకో లైన్ దొరకలేదు.

డ్యూటీ డాక్టర్: అడ్రినలిన్‌తో కూడా కలపకండి, దాని పవర్ పోతుంది. ఇంకోటి, డయాలసిస్ తప్పిన వాళ్ల ఊపిరితిత్తుల్లో అప్పటికే నీరుంటుంది. బైకార్బ్‌తో సోడియం కూడా పోతుంది, ఆయాసం పెరగొచ్చు. ఆమ్లం బాగా పెరిగితే తప్ప పొటాషియం మీద దాని పని కూడా పెద్దగా ఉండదు. గుండెని కాపాడేది కాల్షియమే.

కరీంనగర్ నుంచి: బైకార్బ్ పనిచేయడం నేను కళ్లారా చూసింది అలాంటి మాత్రలు మింగిన కేసులోనే. ఈసీజీలో క్యూఆర్ఎస్ రెండున్నర చిన్న గళ్లు, అంటే 100 మిల్లీసెకన్లు దాటింది. బరువు కిలోకి 1 నుంచి 2 మిల్లీ ఈక్వివలెంట్లు (మందు డోసు కొలిచే యూనిట్) ఇమ్మన్నారు. 7.5 శాతం మందు 25 మి.లీ. ఆంప్యూల్‌లో సుమారు 22 మిల్లీ ఈక్వివలెంట్లే ఉంటాయి. 60 కిలోల మనిషికి తక్కువ డోసుకే దాదాపు మూడు ఆంప్యూల్‌లు కావాలి. ఇస్తుండగానే క్యూఆర్ఎస్ సన్నబడింది.

కొత్త ఈఎంటీ: థాంక్స్ అన్నా, డాక్టర్ గారూ. రాత్రి పడుకున్నాను. పొద్దున మందుల పెట్టె చూస్తే మా బండిలో ఉన్న బైకార్బ్ ఆంప్యూల్‌లు రెండే, అవీ 10 మి.లీ.వి. ఒకటి ఎక్స్‌పైర్ అయ్యింది. కొత్తవి పంపమని ఇండెంట్ పెట్టాను.