1935లో ఫ్రాంక్ మాస్ గోల్ కొట్టిన మ్యాచ్ దృశ్యం ఎక్కడైనా ఉందా?

ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ గోల్‌కీపర్ ఫ్రాంక్ మాస్ ఆటను నెల రోజులుగా వెతుకుతున్నాను. నాకు కావలసింది ఒక్క మ్యాచ్: 1935 మార్చి 16, ఎవర్టన్ సొంత మైదానం గూడిసన్ పార్క్, ఆర్సెనల్ 2-0తో గెలిచిన లీగ్ ఆట.

అందులో మాస్ భుజం కీలు తప్పింది. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు, ఇంగ్లిష్ లీగ్‌లో ఆ నియమం 1965లో గానీ రాలేదు. డిఫెండర్ ఎడీ హాప్‌గుడ్ గోల్‌లోకి వెళ్లాడు. మాస్ మాత్రం నొప్పితోనే తిరిగి వచ్చి ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున దాడి చేసే చోట, నిలబడి గోల్ కొట్టాడు! ఆ గాయమే అతని ఆటకు దాదాపు ముగింపు పలికింది. అంతకు నాలుగు నెలల ముందే, 1934 నవంబరులో, హైబరీలో ఇటలీని 3-2తో ఓడించిన ఇంగ్లండ్ జట్టుకు అతనే గోల్‌కీపర్. అందుకే ఆ గోల్‌ను ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఉంది.

పాత వార్తాచిత్రాల సైట్లలో మాస్ పేరుతో, తేదీతో, రెండు జట్ల పేర్లతో వెతికాను. ఆర్సెనల్, న్యూకాజిల్ ఆడిన 1932 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ దొరికింది. న్యూకాజిల్ సమం చేసిన గోల్‌కు ముందు బంతి గీత దాటి మైదానం బయటికి వెళ్లినట్టు అందులో కనిపిస్తుంది, మాస్ వలలోంచి బంతి తీయడమూ చూశాను. గూడిసన్ ఆటకు మాత్రం పత్రికా కథనాలే తప్ప ఒక్క ఫొటో కూడా దొరకలేదు.

ఆ మ్యాచ్ ఫిల్మ్‌ గానీ, మాస్ ఎడమ వింగ్‌లో ఆడుతున్న ఫొటో గానీ ఏ సేకరణలో ఉందో మీలో ఎవరికైనా తెలుసా?