గృహహింస బాధితులకు జీతంతో సెలవు: మన దగ్గర చట్టం కావాలా, ఉన్న సెలవులు చాలవా?

కార్మికచట్టం_బెజవాడ
ఆఫీసులో లైంగిక వేధింపు మీద ఫిర్యాదు చేసిన మహిళ, విచారణ నడుస్తున్నంతకాలం 3 నెలల వరకు సెలవు రాతపూర్వకంగా అడగొచ్చు. 2013 చట్టం, 12వ సెక్షన్. విచారణ చేసే కమిటీ సిఫార్సు చేస్తే ఇవ్వాలి, మామూలు సెలవుల్లోంచి కోయకూడదు. అవే దెబ్బలు ఇంట్లో తగిలితే? 2005 గృహహింస చట్టంలో రక్షణ ఉత్తర్వు ఉంది, నివాస హక్కు ఉంది, భరణం ఉంది. సెలవు ఊసే లేదు. ఫిలిప్పీన్స్ 2004లోనే జీతంతో 10 రోజులు ఇచ్చింది. న్యూజిలాండ్‌లో 2019 నుంచి, ఆస్ట్రేలియాలో 2023 నుంచి అంతే ఇస్తున్నారు. మనమూ 10 రోజులు పెట్టాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

హెచ్‌ఆర్_మాదాపూర్
కాదనేది నేనే. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచి, ఈఎస్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకం కాదు, తక్కువ జీతం కార్మికుల బీమా) లేని చోట జీతమంతా యజమాని నెత్తిన పెట్టారు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఇంటర్వ్యూలోనే పక్కన పెట్టే చిన్న సంస్థలున్నాయని ఇక్కడ ఎవరికి తెలియదు? దాని మీద ఇంకో 10 రోజులా? షాపుల చట్టం కింద క్యాజువల్, సిక్, ఎర్న్‌డ్ లీవులు ఉండనే ఉన్నాయి. వాటిని సరిగ్గా ఇప్పించండి చాలు. పైగా రుజువేంటి? ఎఫ్ఐఆర్ అడిగితే దయలేదంటారు, అడక్కపోతే ఎవరైనా వాడుకుంటారు.

మేజిస్ట్రేట్‌కోర్టు_లాయర్
రోజుల లెక్క తర్వాత. ముందు సమయం ఎక్కడ పోతుందో చూడండి. రక్షణాధికారి (గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) దగ్గర ఫారం 1, అంటే డీఐఆర్ అనే సంఘటన నివేదిక, రాయించడానికి ఒక పూట. గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలో ఎంఎల్‌సీ, అంటే కేసు కోసం గాయాల నమోదు, దానికి ఇంకో పూట. గృహహింస చట్టం 12వ సెక్షన్ అర్జీ, మధ్యంతర ఉత్తర్వు కోసం ఫారం 3 అఫిడవిట్, సంతకాలు, ఫైలింగ్: కనీసం ఒక రోజు. మొదటి వాయిదా మామూలుగా 3 రోజులు దాటకూడదనీ, ఆ తర్వాత 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టం చెబుతుంది. జరిగేది వేరు. నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటారు, అవతలి లాయరు కౌంటరుకి టైం అడుగుతాడు, బోర్డు మీద కేసులెక్కువై మన కేసు పిలుపుకే రాదు. ప్రతి వాయిదాకీ ఆమె రానక్కర్లేదు, లాయరు హాజరైతే సరిపోయేవే ఎక్కువ. కౌన్సెలింగ్‌కీ, క్రాస్ ఎగ్జామినేషన్‌కీ మాత్రం తప్పదు. ఆ రోజు పని పదకొండుకి అయిపోవచ్చు, నాలుగున్నర దాకా కూర్చోవాల్సీ రావొచ్చు.

అందుకని కావాల్సింది 10 రోజుల మూట కాదు. పూటల్లో, వీలైతే గంటల్లో వాడుకునే సెలవు కావాలి.

ఇంకొకటి, చాలామంది పుట్టింటి ఊళ్లో కేసు వేసి ప్రతిసారీ రాత్రి బస్సెక్కుతారు, సెలవులో సగం ప్రయాణానికే పోతుంది. 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం చేసే చోటే వేయొచ్చు.

హెచ్‌ఆర్_మాదాపూర్
గంటల లెక్క ఒప్పుకుంటాను, అది షిఫ్టు మేనేజర్‌కీ సుఖం. రుజువు సంగతి ఎవరూ చెప్పలేదు.

బేఏరియా_కంప్లయన్స్
కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఏబీ 2499 అనే చట్టం చూడండి. గృహహింసతో పాటు మరికొన్ని హింసాత్మక నేరాల బాధితులకూ వర్తిస్తుంది. సొంత అవసరానికైతే 25 మంది, అంతకు మించి ఉన్న సంస్థ ఆ సెలవును 12 వారాలకు పరిమితం చేయొచ్చు. జీతం ఇవ్వాలని లేదు, పోగైన పెయిడ్ సిక్ లీవ్ వాడుకోవచ్చు. ఉద్యోగం మాత్రం తీయకూడదు. వీలైతే ముందే చెప్పాలి. చెప్పకుండా మానేయాల్సి వస్తే తర్వాత కాగితం చూపాలి: పోలీసు రిపోర్టు, కోర్టు ఉత్తర్వు, డాక్టరు లేదా బాధితుల సహాయకుల లేఖ. ఇవేవీ లేకపోతే ఆమె సంతకంతో రాసిచ్చిన పత్రమైనా చెల్లుతుంది. ఇక్కడ హెచ్1బీ మీదున్న మన అమ్మాయికి 10 రోజుల జీతం కన్నా ఉద్యోగం నిలవడమే ముఖ్యం. అది పోతే దేశంలో ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే.

కార్మికచట్టం_బెజవాడ
హెచ్‌ఆర్ గారూ, "ఉన్న సెలవులు చాలు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. క్యాజువల్ లీవ్ ఇవ్వాలా వద్దా అన్నది మేనేజరు చేతిలో ఉంటుంది. ఇల్లు వదిలి పారిపోయిన వారంలో లీవ్ అప్లై చేసేదెవరు? ఫోనే భర్త దగ్గర ఉండిపోతుంది. మోడల్ స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ప్రభుత్వం నమూనాగా ఇచ్చిన ఉద్యోగ నిబంధనల్లో, చెప్పకుండా వరుసగా 10 రోజులు దాటి మానేస్తే దుష్ప్రవర్తన. ఐటీలో అయితే అంతకన్నా ముందే సిస్టంలో "యాబ్‌స్కాండింగ్" (చెప్పకుండా పరారీ) అని కొడతారు, రిలీవింగ్ లెటర్ ఆగిపోతుంది, తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే బయటపడుతుంది.

సిడ్నీ_పేరోల్
ఆస్ట్రేలియా చట్టంలో పేస్లిప్ మీద గృహహింస సెలవు అని కనపడనివ్వకూడదు. మామూలు పని గంటలుగా చూపించాలి, ఆమె అడిగితే వేరే రకం సెలవుగా. ఇది మరిచి చట్టం రాస్తే, మెయిల్‌కి వచ్చిన పేస్లిప్పే ఆమెను పట్టిస్తుంది. చేరిన మొదటి రోజే 10 రోజులూ జమ. మిగిలినవి మరుసటి ఏడాదికి పోగుపడవు.

నిజామాబాద్_అకౌంట్స్
మగవాళ్లకి?

సిడ్నీ_పేరోల్
ఇక్కడ ఆడా మగా తేడా లేదు. మీ గృహహింస చట్టం మహిళలకే కావచ్చు, సెలవు చట్టం వేరే కదండీ.

హెచ్‌ఆర్_మాదాపూర్
సరే, అందరికీ అంటే ఆడవాళ్లని తీసుకోరన్న నా భయం కొంత తగ్గుతుంది. డబ్బెవరిస్తారు?

కార్మికచట్టం_బెజవాడ
ఈఎస్ఐ. ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ ఇచ్చే యంత్రాంగం ఉంది. ఆ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో తొలగించకూడదని, 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చేదాకా, 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్‌లోనే రాసుండేది. కాకపోతే ఆ బెనిఫిట్ డాక్టరు సర్టిఫికెట్ మీద నడుస్తుంది, కోర్టు వాయిదాకి రాదు. రక్షణాధికారి లేదా సఖి కేంద్రం (హింస బాధిత మహిళలకు ప్రభుత్వ సహాయ కేంద్రం) ఇచ్చే లేఖను కూడా అంగీకరించేలా మార్చితే సగం పని అయినట్టే. నెలకు 21,000 దాటినవాళ్లు ఈఎస్ఐలోకి రారు, వాళ్లకి యజమానే ఇవ్వాలి.

హెచ్‌ఆర్_మాదాపూర్
ఆ చివరి వాక్యం దగ్గరే మళ్లీ మొదటికొచ్చాం. మాదాపూర్‌లో 21,000 లోపు జీతం ఎంతమందికి? 20 మంది లోపు ఉన్న సంస్థకి జీతం లేని సెలవు, ఉద్యోగ రక్షణ మాత్రం పెట్టండి, ఒప్పుకుంటాను.

మేజిస్ట్రేట్‌కోర్టు_లాయర్
చట్టం వచ్చేలోపు ఖర్చు లేని పని ఒకటి చేయండి. గృహహింస చట్టం 18వ సెక్షన్ రక్షణ ఉత్తర్వులో, అవతలి వ్యక్తి ఆమె పనిచేసే చోటికి రాకూడదని కూడా రాయించుకోవచ్చు. అర్జీలో ఆఫీసు చిరునామాతో సహా అడగాలి, అడక్కపోతే రాదు. ఉత్తర్వు కాపీ కోర్టు ఉచితంగా ఇస్తుంది. హెచ్‌ఆర్ గారూ, ఆ కాపీ మీ బీరువాలో పెట్టుకుంటే లాభం లేదు, గేటు దగ్గర సెక్యూరిటీకి ఫోటోతో సహా ఇవ్వండి.