కొత్త చెట్టు జాతి వర్ణన: హోలోటైప్ దగ్గరే ఆగిపోయింది, తెలిసినవాళ్లు చెప్పండి

చిగురాకు:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఒకే పేరా ముందు కూర్చున్నాను, బుర్ర పనిచేయడం లేదు. తేమ అడవిలో దొరికిన ఒక చెట్టును కొత్త జాతిగా వర్ణిస్తూ పంపిన వ్యాసం పత్రిక నుంచి తిరిగొచ్చింది. ప్రజాతి డయోస్పైరస్, తునికి చెట్టుది కూడా అదే. సంపాదకులు రాసింది ఒకే ఒక్క ముక్క: టైప్ పేరా (కొత్త పేరు ఏ నమూనాకు కట్టుబడి ఉంటుందో చెప్పేది) చెల్లదు, ఇలాగే అచ్చయితే పేరు నిలవదు. ఎందుకో చెప్పలేదు. ఆకు, బెరడు, పువ్వు, కాయ అన్నీ కొలిచి రాశాను. దగ్గరి జాతులతో పోలిక పట్టిక ఇచ్చాను. బొమ్మలు వేయించాను. హోలోటైప్ (పేరుకు ఆధారంగా రచయిత ఎంచిన నమూనా) అన్న మాట స్పష్టంగానే ఉంది. మొక్కల పేర్ల నియమావళి అంతా తిరగేసినా ఏది అడ్డమో అంతుపట్టడం లేదు. గడువు దగ్గరపడుతోంది, ఒకటే టెన్షన్. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బెరడు:
టైప్ పేరా ఉన్నదున్నట్టు పెట్టండి. అది చూడకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

అడవిబాట:
టైప్ సంగతి సరే, చెట్టు దగ్గర నిలబడి ఏం రాసుకున్నారో ముందు చెప్పండి. కొత్త జాతుల వ్యాసాలు చదువుతుంటే నాకు బాధ కలిగేది అక్కడే. ఎండబెట్టిన మొక్కలు దాచే హెర్బేరియంలోని షీటు మీద ఆకులూ పూలూ మిగులుతాయి గానీ గాటు రంగు, కారే జిగురు, వాసన, పూరేకుల అసలు రంగు అడవిలోనే పోతాయి. కత్తితో చిన్న గాటు పెట్టి లోపలి బెరడు చూడాలి. కాసేపాగి, గాలి తగిలాక రంగు మారిందేమో మళ్లీ చూడాలి. మాను మందం నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కొలవాలి, మొదట్లో గోడల్లాంటి వేళ్లుంటే వాటికి పైన కొలిచి ఆ ఎత్తు కూడా రాయాలి.

ఇంకో మాట. తేమ అడవిలో నమూనా ఎండేలోపే బూజు పడుతుంది, ఆకులు కణుపుల దగ్గర ఊడిపోతాయి. కాగితాల మధ్య పెట్టిన కట్టను స్పిరిట్‌తో తడిపి, పాలిథిన్ సంచిలో గాలి పోకుండా బిగించి తెచ్చుకోవాలి, తర్వాత ఆరబెట్టాలి. కొన్ని పూలు స్పిరిట్ సీసాలో, ఒక ఆకు ముక్క డీఎన్ఏ కోసం సిలికా జెల్‌లో ఉండాలి. ఇవన్నీ చేశారా?

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, భూమ్మీద దాదాపు 73,000 చెట్టు జాతులు ఉంటాయనీ, వాటిలో 9,000కు పైగా ఇంకా ఎవరూ గుర్తించనివేననీ 2022లో ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అవన్నీ చిన్నచిన్న చెట్లే అయ్యుంటాయని అనుకోకండి. బ్రెజిల్ అట్లాంటిక్ అడవిలోని డినిజియా జుయెయిరానా-ఫకావో 40 మీటర్ల మహావృక్షం. దాన్ని శాస్త్రీయంగా వర్ణించింది 2017లో!

పాతపుస్తకం:
లాటిన్ వర్ణన ఇచ్చారా? అది లేకపోతే పేరు చెల్లదు కదా.

మూలవేరు:
ఆ నియమం 2011 డిసెంబర్ 31తో పోయింది. 2012 జనవరి 1 నుంచి లాటిన్ గానీ ఇంగ్లిష్ గానీ, ఏదైనా సరిపోతుంది.

పాతపుస్తకం:
తెలుసండీ, అయినా లాటిన్‌లో ఉండే కచ్చితత్వం వేరు. పోనీ, జాతి పేరు చివర ఏముంది? డయోస్పైరస్‌ను స్త్రీలింగంగా వాడాలి. డయోస్పైరస్ మోంటానా, డయోస్పైరస్ వర్జీనియానా చూడండి. ప్రజాతి పేరు పలికే తీరు చూసి చాలామంది పుంలింగం పెట్టేస్తారు.

చిగురాకు:
పేరు అచ్చుకు ముందే బయటపెట్టలేను. చివర మాత్రం "అస్" ఉంది.

పాతపుస్తకం:
విశేషణమే అయితే "ఆ" రావాలి. చూశారా! సంపాదకులు ఆపింది దీనికే.

మూలవేరు:
దీనికి కాదు. లింగం పొరపాటైతే చివరి అక్షరాలు సరిదిద్దుకుంటే చాలు, పేరు చెల్లుబాటుకు ఢోకా లేదు. చిగురాకు గారూ, టైప్ పేరా అడిగి చాలాసేపయింది.

చిగురాకు:
ఇదిగోండి. చోటు వివరాలు తీసేశాను, కలప కోసం కొట్టేస్తారని భయం.
"టైప్: (చోటు), మార్చి, పూలతో, సేకరణ సంఖ్య 112, అదే చోట, ఆగస్టు, కాయలతో, సేకరణ సంఖ్య 158. హోలోటైప్ రెండు షీట్లు: పూల షీటు మా విభాగం హెర్బేరియంలో, కాయల షీటు జాతీయ హెర్బేరియంలో."

బెరడు:
రెండు సేకరణలు. రెండు హెర్బేరియాలు. రెండూ కుదరవు.

చిగురాకు:
హోలోటైప్ ఒకటికి మించిన షీట్ల మీద ఉండొచ్చని నియమావళిలోనే ఉందండీ! అది చూసే రాశాను.

మూలవేరు:
ఉంది, కానీ అవన్నీ ఒకే నమూనా ముక్కలై ఉండాలి, ఆ సంగతి షీట్ల మీద స్పష్టంగా రాసి ఉండాలి. పెద్ద తాటాకు ఒక షీటు మీద పట్టకపోతే నాలుగు షీట్ల మీద అతికిస్తారే, అలాంటి వాటికి ఆ వెసులుబాటు. మీవి వేరువేరు నెలల్లో, వేరువేరు సంఖ్యలతో తీసినవి. ఒక సేకరణ అంటే అదే మనుషులు, అదే చోట, అదే సమయంలో తీసింది. హోలోటైప్ ఒక సేకరణలోని ఒక నమూనా మాత్రమే కావాలి. 1990 జనవరి 1 నుంచి, టైప్ ఏ హెర్బేరియంలో ఉందో కూడా ఒక్కదాని పేరే చెప్పాలి. ఇంతకీ మార్చిలో పూసిన చెట్టు, ఆగస్టులో కాసిన చెట్టు ఒకటేనా?

చిగురాకు:
కాదండీ, పక్క చెట్టు. పూలు మగ చెట్టువి. డయోస్పైరస్‌లో సాధారణంగా మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు కదా, అందరికీ తెలిసిందేనని రాయలేదు.

మూలవేరు:
అసలు చెప్పాల్సింది అదేనండీ. అదే రోజు, అదే చోట, ఒకే సంఖ్య కింద రెండు చెట్ల కొమ్మలూ తీసి ఉంటే అదొక సేకరణే అని వాదించవచ్చు, అది కూడా కొందరు ఒప్పుకోరు. ఇక్కడ ఆ దారి కూడా లేదు. ఒకదాన్ని ఎంచుకోండి.

అడవిబాట:
రెండోదాన్ని ఐసోటైప్ అంటే సరిపోదా? రెండూ ఆ జాతివే కదా.

బెరడు:
పారాటైప్.

అడవిబాట:
అంత తేడా ఏముందండీ, రెండూ టైప్ నమూనాలే. అడవిలో పడ్డ కష్టం రెండింటికీ ఒకటే.

మూలవేరు:
చాలా తేడా ఉంది. ఐసోటైప్ అంటే హోలోటైప్‌తో పాటే, అదే సేకరణలో తీసిన జంట నమూనా. హోలోటైప్ పాడైపోతే ముందుగా దాని వైపే చూస్తారు. పారాటైప్ అంటే వ్యాసంలో పేర్కొన్న మిగతా సేకరణల నమూనా. 112 హోలోటైప్ అయితే, అదే రోజు అదే సంఖ్యతో తీసిన మిగతా కొమ్మలు ఐసోటైప్‌లు. 158 పారాటైప్. కాయల వర్ణన వ్యాసంలో నిక్షేపంగా ఉంచుకోవచ్చు.

కొత్తఆకు:
గీయించిన బొమ్మలో పూలూ కాయలూ రెండూ ఉన్నాయి కదా, దాన్నే టైప్‌గా పెట్టేస్తే గొడవే ఉండదేమో?

మూలవేరు:
2007 నుంచి చెట్లకు అది కుదరదు. నమూనానే పెట్టాలి. సూక్ష్మ శైవలాలు, సూక్ష్మ శిలీంధ్రాలకే మినహాయింపు, అది కూడా ప్రత్యేక పరిస్థితుల్లో.

బెరడు:
ఐసోటైప్‌లు ఎన్ని ఉన్నాయి?

చిగురాకు:
మార్చివి నాలుగు కొమ్మలు. ఆగస్టువి రెండే.

బెరడు:
పూలది పెట్టండి. ఎక్కువ హెర్బేరియాలకు పంపొచ్చు.

పాతపుస్తకం:
ఒప్పుకోను. దగ్గరి జాతి నుంచి దీన్ని వేరు చేసేది ఏ లక్షణం? అది టైప్ మీద కనిపించాలి. డయోస్పైరస్‌లో పూవు కింది రక్షకపత్రాలు రాలిపోవు, కాయతో పాటు పెరుగుతాయి. వాటి తమ్మెలు (చీలిన భాగాలు) వెనక్కి మడుస్తాయా, కాయను హత్తుకుంటాయా, గింజ కోస్తే లోపలి పప్పు నునుపుగా ఉందా, ముడతలు పడిందా అని చూసే చాలా జాతులను విడదీస్తారు. మగ పూల కొమ్మ చూసి ఇవేవీ చెప్పలేం.

చిగురాకు:
నా పట్టికలో ముఖ్యమైన తేడా అదేనండీ! దగ్గరి జాతిలో కాయ కింది తమ్మెలు చదునుగా ఉంటాయి. దీనిలో అంచులు అలల్లా లేచి, కొసలు వెనక్కి తిరిగి ఉంటాయి. చేత్తో తాకితే తోలులా బిరుసుగా తగులుతాయి.

పాతపుస్తకం:
అయితే కాయల షీటే హోలోటైప్. తర్వాత ఎవరైనా అనుమానంతో టైప్ తెరిస్తే చూసేది దాన్నే.

మూలవేరు:
నియమం ఏదైనా ఒప్పుకుంటుంది. నేనైనా కాయలదే పెడతాను. దానికి ఒక ఐసోటైప్ ఉంది కాబట్టి అది మరో హెర్బేరియానికి వెళ్లాలి. మగ పూలవి పారాటైప్‌లు.

బెరడు:
నా మాట అదే. పూలది.

అడవిబాట:
ఆడ పూలు ఎవరూ చూసినట్టు లేదే? మగవి గుత్తులుగా, ఆడవి చాలాసార్లు ఒంటిగా వస్తాయి, ఆకుల చాటున కనపడవు. కింద రాలిన రేకులు ఏరి చూడండి. గాటు రంగు సంగతి కూడా ఇంకా చెప్పలేదు మీరు.

చిగురాకు:
కాయల షీటు హోలోటైప్ చేసి, జాతీయ హెర్బేరియం ఒక్కటే రాసి పంపించేశాను. థాంక్స్ అండీ అందరికీ.

పాతపుస్తకం:
చివర "అస్" మార్చారా?