కోరీ గుడ్లు వేరు చేయాలా, ట్యాంకులోనే వదిలేయాలా?

నీలిగాజు:
బ్రాంజ్ కోరీలు (కోరిడోరస్, అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు) ఉన్న ట్యాంకులో కొంచెం చల్లటి నీళ్లు మార్చాను. మర్నాటికి అద్దం మీద, ఫిల్టర్ పైపు మీద, ఆకుల కింద గుడ్లు అంటించేశాయి. అదే ట్యాంకులో టెట్రా చేపలూ ఉన్నాయి. గుడ్లు తీసి వేరే డబ్బాలో వేయాలా, ఉన్నచోటే ఉంచాలా? తీస్తే మెథిలీన్ బ్లూ (బూజు పట్టకుండా వేసే నీలం మందు) తప్పనిసరా?

రాత్రిదీపం:
తప్పకుండా తీయండి. పెట్టిన వెంటనే ముట్టుకుంటే మెత్తగా ఉండి చితికిపోతాయి. కొన్ని గంటలు ఆగితే పైపొర గట్టిపడుతుంది. అప్పుడు శుభ్రమైన తడి వేలితో అద్దం మీద మెల్లగా దొర్లించండి. గుడ్డు అద్దాన్ని వదిలి వేలికి అంటుకుంటుంది. దాన్ని అలాగే డబ్బా గోడకు అంటించవచ్చు. డబ్బాలో అదే ట్యాంకు నీళ్లు పోయండి, వేడి 24 నుంచి 26 డిగ్రీలు ఉండాలి, పక్కన గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఒకటి. నీళ్లు లేత నీలానికి తిరిగేదాకా మెథిలీన్ బ్లూ చుక్కలు వేయండి. ఆ వేడిలో 3 నుంచి 5 రోజుల్లో పిల్లలు వస్తాయి. ట్యాంకులో వదిలేస్తే అంతే సంగతులు. టెట్రాల మాట అటుంచండి, పెట్టిన కోరీలే తినేస్తాయి.

ఇసుకమేట:
మెథిలీన్ బ్లూ ఎందుకండీ? ఫిల్టర్‌లో చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమోనియాను మార్చే బ్యాక్టీరియాను అది దెబ్బతీస్తుంది. సిలికాన్ అతుకులకు నీలం పట్టిందంటే ఇక వదలదు. ఫంగస్ ముందుగా పట్టేది ఫలదీకరణ జరగని గుడ్లకే. అవి తెల్లగా పాలిపోతాయి. బతికున్నవి తేనెరంగు నుంచి రోజురోజుకూ ముదురుతాయి, చివర్లో లోపల కళ్లు చుక్కల్లా కనిపిస్తాయి. తెల్లవాటిని ఎప్పటికప్పుడు డ్రాపర్‌తో తీసేస్తే మందుతో పనే లేదు. జావా మాస్ అనే నాచు మొక్క దట్టంగా ఉన్న ట్యాంకులో అయితే మనం వేలు పెట్టకపోయినా కొన్ని పిల్లలు మిగులుతాయి.

రాత్రిదీపం:
ఫిల్టర్ ఉన్న ట్యాంకులో వేయమని నేనెక్కడ అన్నాను? విడి డబ్బా అన్నాను. అందులో ఫిల్టరే లేదు.

ఇసుకమేట:
ఫిల్టర్ లేకపోతే అమోనియా ఎక్కడికి పోతుంది?

రాత్రిదీపం:
గుడ్ల నుంచి వచ్చే అమోనియా ఏపాటి? రోజూ సగం నీళ్లు మారిస్తే చాలు. పిల్లలు వచ్చాక మందు నీళ్లు పూర్తిగా తీసేసి, పెద్ద ట్యాంకులో ఎన్నాళ్లుగానో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్‌ని అందులోకి మారుస్తాం. ఇది తెలియనిదేం కాదు మీకు.

నత్తగుల్ల:
మందు బదులు డబ్బాలో చెర్రీ ష్రింప్ (చిన్న ఎర్ర రొయ్యలు) వేసి చూడండి. బూజు పట్టిన గుడ్లను ఏరి తింటాయి, మంచివాటి జోలికి సాధారణంగా పోవు. మందు వేస్తే మాత్రం ష్రింప్ వేయొద్దు.

గుహకాపరి:
నా దగ్గర బ్రిసిల్‌నోస్ ప్లెకో చేపలున్నాయి. వాటిలో మగది గుహలో కూర్చుని రెక్కలతో గుడ్లకు నీళ్లు విసురుతూనే ఉంటుంది, పాడైనవాటిని తనే తీసేస్తుంది. అక్కడ మనం తలదూర్చనక్కర్లేదు. కోరీలు గుడ్లు అంటించి వెళ్లిపోతాయి, కాపలా ఉండవు. రెండూ ఒకే లెక్క కాదు.

రాత్రిదీపం:
అదే నా మాట. తండ్రి చేప చేసే పని ఇక్కడ చేసేవాళ్లు లేరు కాబట్టి ఎయిర్ స్టోన్, మందు.

ఇసుకమేట:
ప్లెకోల సంగతి ఎవరడిగారు? మందు లేకుండా కోరీ పిల్లలు వస్తాయా, రావా? దానికి సూటిగా జవాబు చెప్పండి. ఎండిన బాదం ఆకు వేసినా ఫంగస్ కొంతవరకు అదుపులో ఉంటుంది.

రాత్రిదీపం:
కొన్ని వస్తాయి. నేను అడిగేది ఎన్ని వస్తాయని. ఒక తెల్ల గుడ్డు మీద బూజు లేచిందంటే దాని పోగులు పక్క గుడ్డుకు పాకుతాయి. కోరీ గుడ్లు గుత్తులుగా ఉంటాయి కదా, మీరు నిద్రలేచి డ్రాపర్ పట్టుకునేలోపు గుత్తి మొత్తం పోతుంది. అయినా ఒక్క మందు మీద ఇంత పంతం ఎందుకు? మీ పద్ధతిలో ఎన్ని పిల్లలు పెద్దవయ్యాయో చెప్పండి ముందు.

ఇసుకమేట:
నాకు కావలసింది లెక్క కాదు. మీకు కావలసింది అదొక్కటే.

రాత్రిదీపం:
గుడ్లు కళ్లముందే తినేస్తుంటే చేతులు కట్టుకుని చూడటం మీకు గొప్పగా ఉందేమో. నాకు కాదు. మొదట్లో ఒకాయన "ప్రకృతికి వదిలేయ్" అని సలహా ఇస్తే విన్నాను. తెల్లారేసరికి అద్దం మీద గుడ్ల మచ్చలు తప్ప ఏమీ లేవు. ఆ ఆడ కోరీ కడుపు కింది రెక్కల మధ్య గుడ్లు పట్టుకుని, అద్దం మీద చోటు వెతుక్కుంటూ ఒక్కో చోట మూతితో తడిమి చూసి అంటించింది. అంత శ్రమపడి పెట్టిన గుడ్లు టెట్రాలకు మేత అవుతుంటే నేను చూడలేను.

ఇసుకమేట:
సరే, నా బాధ కూడా చెప్తాను. ఒకరు గుడ్లన్నీ పొదిగించి, పిల్లలు ఎక్కువైపోయి పెట్టుకునే చోటు లేక నాకు ఒక సంచీ నిండా ఇచ్చారు. సగానికి నడుము వంకర. కొన్నిటికి మీసాలు అరిగిపోయి మూతి ఎర్రబారింది, చెత్త పేరుకున్న అడుగున ఉంచితే అలాగే అవుతుంది. ఒక్కొక్కటే పోతుంటే తీసి పారేసింది నేను. ఇచ్చినాయన మాత్రం "నా దగ్గర ఒక్క గుడ్డు కూడా పాడవలేదు" అని అందరికీ చెప్పుకున్నారు. నా కోపం ఆ మందు మీద కాదు. ప్రతి గుడ్డునీ బతికించాలంటారు, ఆ తర్వాత ఆ చేప ఎక్కడ ఉండాలో ఎవరూ అడగరు.

గుహకాపరి:
ఇదే మొదట అడగాల్సిన ప్రశ్న.

రాత్రిదీపం:
చోటు లేకుండా పెంచినాయనది తప్పు, ఒప్పుకుంటాను. దానికి గుడ్లను టెట్రాలకు వదిలేయడమా పరిష్కారం? వంకర పిల్లను గుర్తించి పక్కన పెట్టడం కూడా పెంచేవాడి పనే.

ఇసుకమేట:
పక్కన పెట్టడం అంటే ఏం చేస్తారు? ఆ మాట బయటికి చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. బతికిన పిల్లను ఏరి చంపడం కంటే, పొదగకముందే కొన్ని గుడ్లు పోవడం మేలని నా అభిప్రాయం. కోరీ సరిగా చూసుకుంటే పదేళ్ల దాకా బతికే చేప, గుంపులో ఉండాలి. గుడ్డు తీసేటప్పుడే ఆ పదేళ్లూ లెక్కలో ఉండాలి.

రాత్రిదీపం:
నేను ఏరి చంపను. వంకరవి నా దగ్గరే ఉంటాయి, తిని తిరుగుతాయి, ఎవరికీ ఇవ్వను. అందరూ మీకు పిల్లలిచ్చినాయనలాగే ఉంటారనుకోకండి.

నీలిగాజు:
నా దగ్గర ఖాళీగా ఉన్నది ఒక 40 లీటర్ల ట్యాంకు మాత్రమే. అందుకే పైపు మీద ఉన్న గుత్తి ఒక్కటే తీశాను, మిగతావి ఉన్నచోటే ఉన్నాయి. పిల్లలు వస్తే ముందు ఏం పెట్టాలి?

నత్తగుల్ల:
మొదటి రెండు మూడు రోజులు ఏమీ వద్దు, పొట్టకింది సొన సంచి చాలు. అది కరిగాక అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి సన్న రొయ్య పిల్లలు), లేదా మైక్రోవార్మ్స్ (సన్నటి పురుగులు). కొంచెం కొంచెం, రోజుకు రెండు మూడు సార్లు. మిగిలిన మేత అడుగున కుళ్లితే పిల్లలు పోతాయి, సన్న గొట్టంతో రోజూ లాగేయండి.

ఇసుకమేట:
అడుగున పలచగా సన్న ఇసుక వేయండి. ఉత్త గాజు మీద జిగురు పొర పేరుకుంటే పిల్లల పొట్టలకు ఇన్ఫెక్షన్ వస్తుంది.

రాత్రిదీపం:
ఇసుక వేస్తే మిగిలిన మేత కనబడదు. ఉత్త అడుగే మంచిది, రోజూ తుడుచుకోవాలి అంతే.

ఇసుకమేట:
రోజూ ఎవరు తుడుస్తారండీ?

రాత్రిదీపం:
గుడ్లు తీసినవాళ్లే.