అప్‌డేట్: బెల్టు కీచుమనడం ఆగింది

ఎలక్ట్రిక్ బైకు డ్రైవ్ బెల్టు (మోటారు నుంచి వెనక చక్రాన్ని తిప్పేది) వెనక పుల్లీ, అంటే అది తిరిగే పళ్ల చక్రం, ఎడమ అంచుకు రాసుకుని కీచుమంటోందని ఇంతకుముందు అడిగాను. ఇంజిను హోరు ఉండదు కనుక ఆ చప్పుడు మరీ ప్రాణం తీసేది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీద ఇరుసు స్థానం చూపే గీతలను నమ్మవద్దని మీరన్న మాట అక్షరాలా నిజం. గీతల ప్రకారం రెండు వైపులా సమానమే. పివట్ (స్వింగార్మ్ బండికి అతుక్కునే కీలు) మధ్య నుంచి ఇరుసు మధ్యకు కొలిస్తే మాత్రం ఎడమ వైపు 2 మిల్లీమీటర్లు తక్కువ! బెల్టు వదులుగా ఉన్న వైపుకే జరుగుతుంది మరి. బండి పూర్తిగా ఆపు చేసి, చక్రాన్ని చేత్తో తిప్పి చూసుకుంటూ ఇరుసును వెనక్కి జరిపే ఎడమ సర్దుబాటు బోల్టును కొద్దికొద్దిగా బిగించాను.

అసలు చిరాకు ఆ తర్వాతే. ఇరుసు నట్టు బిగించగానే అంతా మళ్లీ పక్కకు జరిగిపోయింది. చక్రాన్ని ముందుకు నెట్టి, ఇరుసు ఆ సర్దుబాటు బోల్టులకు ఆనేలా పట్టుకుని బిగిస్తే నిలిచింది.

బిగువును ఫోను యాప్‌తో చూశాను: బెల్టును మీటితే అది కంపించే ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది, బిగువు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. చక్రం తిప్పేకొద్దీ అంకె మారుతోంది, అందుకే అన్నిటికన్నా బిగువైన చోటును లెక్కలోకి తీసుకున్నాను.

బెల్టు అంచు నునుపుదేలింది కానీ లోపలి దారాలు బయటపడలేదు. ఇప్పట్లో మార్చను.