గ్రానైట్ గచ్చు మీద తట్టడవులు, పాపకు మడమ నొప్పి

ప్రశ్న (ఒంగోలు):
పాపకు పదేళ్ళు. కూచిపూడిలో చేరి ఎనిమిది నెలలైంది. ఇంట్లో నేలంతా చీమకుర్తి గ్రానైటే, అద్దంలా ఉంటుంది. అరగంట తట్టడవులు (అరమండిలో అరికాలితో నేలను తట్టే అడుగులు) వేస్తే చాలు, కుడి మడమ నొప్పి అంటోంది. చెమటకు కాలు జారుతోందని సాక్సులు వేశాం. మూడో కాలంలో, అంటే బాగా వేగంగా వేసేటప్పుడు, అడుగు అసలు వినపడటం లేదు. లోపం రాయిదా, అడుగుదా?

జవాబు (నెల్లూరు):
అక్కా, ముందు గజ్జెలు తీయించి అడుగు వినండి. గజ్జెలు తప్పును కప్పేస్తాయి. అరికాలు మొత్తం ఒకేసారి పడితే ఒకటే ‘ఠప్’. మడమ ముందు తగిలితే ‘టక్-టప్’ అని రెండు ముక్కలుగా వస్తుంది. నొప్పి ఆ ‘టక్’ దగ్గరే పుడుతుంది. అలా ఎందుకు పడుతుందంటే, అలసిపోగానే అరమండిలో (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) నడుము వెనక్కి పోయి బరువంతా మడమల మీదికి దిగుతుంది. పక్క నుంచి వీడియో తీస్తే తెలిసిపోతుంది. మోకాలు రెండో వేలికి సూటిగా ఉందో లేదో కూడా చూడండి. లోపలికి వాలితే తర్వాత మోకాలికీ నొప్పే.

మూడో కాలంలో మొదటి కాలమంత ఎత్తు లేపితే తాళం అందదు. రెండు మూడు అంగుళాలు లేపితే చాలు.

జవాబు (కావలి):
సాక్సులు ఈరోజే తీసేయండి, నున్నటి రాయి మీద ఇంకా జారతాయి. రాయి దెబ్బను మింగదు, కాలికే తిప్పికొడుతుంది. 8×4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ షీటు వేసి, జారకుండా కింద 10 మి.మీ. గట్టి రబ్బరు మ్యాట్ పరవండి. యోగా మ్యాట్ మీద మాత్రం వద్దు: పాదం కుంగి చీలమండ మెలిపడుతుంది.

జవాబు (నెల్లూరు, ఫిజియో):
నొప్పి మడమ అడుగునా, వెనకా? వెనకైతే రెండు వేళ్ళతో మడమను పక్కల నుంచి నొక్కండి. అప్పుడు నొప్పెడితే, ఎదిగే ఎముక దగ్గరి మెత్తని భాగం ఒరుసుకుని ఉండొచ్చు. 8 నుంచి 14 ఏళ్ళ మధ్య, దూకే పిల్లల్లో ఇది మామూలే. తట్టడం ఆపండి. కుంటుతుంటే ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
వెనకేనండీ. నొక్కగానే కాలు లాగేసుకుంది. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. అందాకా కూర్చోబెట్టి సంయుత హస్తాలు (రెండు చేతులతో పట్టే ముద్రలు) చేయిస్తాను, అవి ఎలాగూ వెనకబడ్డాయి.